నొప్పిలో వాటా

తాను తయారుచేసిన యంత్రమే తనను కాదంటే మనిషికి ఎలా ఉంటుందో డాక్టర్ తిమోతికి ఆ బుధవారం ఉదయం తెలిసింది.

తెర మీద ముప్పై ఒకటి అని పడింది. అరవై దాటితేనే జత కుదిరినట్టు లెక్క. "పట్టీ సరిగ్గా అంటుకోలేదేమో, ఇంకోసారి చూద్దాం" అన్నాడు. ప్రయోగశాలలో పదకొండేళ్లుగా అతనితో పనిచేస్తున్న ఇంజనీరు వకుళ ఇద్దరి మెడల వెనకా తుడిచి, మళ్లీ జెల్లు రాసి, పట్టీలు బిగించింది. ఈసారి ఇరవై తొమ్మిది. మూడోసారి మళ్లీ ముప్పై ఒకటి.

పక్క మంచం మీద ఉన్న అతని భార్య దీనమణి కళ్లు తెరవకుండానే "పోనీలెండి" అంది. "మీరేం చేస్తారు పాపం."

ఆ 'పాపం' అతనికి గుచ్చుకుంది.

ఆ యంత్రం పేరు పాలుపట్టీ. ఒకరి నొప్పిలో ఇంకొకరు పాలుపంచుకునే పట్టీ. రెండేళ్ల కిందట కాలిన గాయాల వార్డులో ఒక తల్లికీ ఆమె ఏడేళ్ల కూతురికీ మొదటిసారి పెట్టారు. మీట నొక్కిన నిమిషానికి తల్లి పళ్లు బిగించి మంచం కోడు పట్టుకుంది. ఆరు రోజులుగా నిద్రలేని కూతురు ఆవలించి పక్కకు తిరిగి పడుకుంది. వకుళ ఆ రోజు ఏడ్చింది. అవతల మనిషి లేకుండా ఉత్త సంకేతాలు పంపి చూస్తే పని జరగలేదు. నిజంగా ఎవరో భరిస్తుంటేనే ఇవతల ఒంటికి తెలిసేది, అప్పుడే తగ్గేది. ఎవరికి ఎవరితో జత కుదురుతుందో మాత్రం ఎనిమిదేళ్ల పరిశోధనలోనూ తేలలేదు. అన్నదమ్ములకు కుదరక, పక్కింటివాళ్లకు కుదిరిన సందర్భాలున్నాయి.

దీనమణికి క్యాన్సరు ఎముకల్లోకి పాకింది. మందులు వేస్తే నొప్పి తగ్గుతుంది, కానీ రోజంతా మగతగా పడి ఉంటుంది. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పిన మనిషి. "మిగిలిన నాలుగు రోజులూ మెలకువగా ఉండనివ్వండి" అని మందులు తగ్గించుకుంది. అప్పుడు తిమోతి గర్వంగానే అన్నాడు, "నేనున్నానుగా" అని.

మూడోసారి కొలిచి పట్టీ విప్పుతుండగా గౌసియా వచ్చింది. చేతిలో టిఫిన్ క్యారియరు, మెడలో వేలాడుతున్న కొలతల టేపు. బట్టలు కుట్టే కొట్టు నుంచి నేరుగా వచ్చినట్టుంది.

"ఏందే, మొహం అట్టా పెట్టావు?"

"జత కుదర్లేదంట" అంది దీనమణి.

"అంతేగా. నాకు పెట్టి చూడండి బావగారూ."

మణిని ఆమె సొంత అక్కలా చూసుకునేది కాబట్టి తిమోతిని బావగారూ అనే పిలిచేది. తిమోతి నవ్వి, "కూర్చో మరి" అన్నాడు. వకుళ పట్టీ బిగించింది. తెర మీద అంకె ఎక్కడా ఆగకుండా పైకి పోయింది. ఎనభై ఎనిమిది. ఆ ప్రయోగశాలలో తల్లీబిడ్డలకు కూడా రాని అంకె అది.

"సార్, చూశారా" అంది వకుళ సంతోషం పట్టలేక.

"చూశాను, మంచిది" అన్నాడు తిమోతి. నోటు పుస్తకంలో ఎనభై ఎనిమిది అని రాశాడు. కలం ముల్లు కాగితాన్ని చీల్చుకుని కింది పేజీలోకి దిగింది.

*

పెదలాకు డెల్టా ఊరు. సముద్రం ఏటా కాస్త కాస్త లోపలికొస్తున్న కాలం కావడంతో ఊళ్లో సగం పొలాలు అప్పటికే ఉప్పు తేలాయి. కాలవకు ఇటు శాంతిపేట, అటు సాయిబులపేట. ఇటువాళ్లు క్రైస్తవులు, అటువాళ్లు ముస్లిములు. మధ్యలో లాకుల వంతెన. దీనమణీ గౌసియా ఆరేళ్ల వయసులో మిషన్ బళ్లో ఒకే బల్ల మీద కూర్చున్నారు. మణి తల్లి పోయిన ఏడాది మణికి అన్నం కలిపి పెట్టింది గౌసియా తల్లే. గౌసియా భర్త పోయినప్పుడు, ఆమె కుట్టు మిషను కొనుక్కుని శాంతిపేట బజారు మొగలో కొట్టు పెట్టుకునేదాకా నిద్రపోనిది మణి. తిమోతి ఈ కథలోకి వచ్చేసరికి మణికి ఇరవై ఏడేళ్లు. అప్పటికే సగం పుస్తకం అయిపోయింది.

గురువారం నుంచి గౌసియా రోజూ పదింటికి ఇంటికి వచ్చేది. తిమోతి పట్టీలు ఇంట్లోనే అమర్చాడు. ఇద్దరూ పక్కపక్క మంచాల మీద పడుకునేవాళ్లు. మీట నొక్కగానే గౌసియా ఊపిరి ఒక్క క్షణం ఆగేది, నుదుటి మీద చెమట పట్టేది. మణి మొహంలో ముడతలు ఒక్కొక్కటే విడిపోయేవి.

"ఇవాళ తుంటి దగ్గర జాస్తిగా ఉందే. రాత్రి ఎడమ పక్కకు తిరిగి పడుకున్నావా?" అనేది గౌసియా.

"తిరిగాను."

"చెప్పానా తిరగొద్దని."

తిమోతి రాత్రంతా ఆ పక్క మంచం మీదే పడుకున్నాడు. మణి ఎడమ పక్కకు తిరిగిన సంగతి అతనికి తెలియదు. ఉదయం "ఎలా ఉంది?" అని అడిగితే "ఉంది" అంది, అంతే. రెండు గంటలు గడిచాక వచ్చిన మనిషికి, అడగకుండానే, ఎక్కడ ఉందో ఎంత ఉందో అంతా తెలిసిపోయింది.

కాసేపటికి ఇద్దరూ మాటల్లో పడేవాళ్లు. ఎవరో చుక్కల మాస్టారు, ఏదో గులాబీ రంగు రిబ్బను, ఒక వానలో తడిసిన పరీక్ష పేపరు. మణి నవ్వేది. ఇరవై ఆరేళ్ల కాపురంలో తిమోతి ఆ నవ్వు వినలేదు. తనతో నవ్వేటప్పుడు మణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఇక్కడ పెట్టుకోవడం లేదు.

నొప్పి తగ్గుతున్నందుకు తాను సంతోషించాలని అతనికి తెలుసు. సంతోషించాననే తనకు తాను చెప్పుకున్నాడు. మీటరు చూస్తున్నట్టు అక్కడే నిలబడి, గౌసియా చెయ్యి మణి చేతిని పట్టుకున్న చోటే చూసేవాడు. గౌసియా లేచి వెళ్లాక మణికి నీళ్లందించి, "ఏం మాట్లాడుకున్నారు అంతసేపు?" అని అడిగేవాడు.

"ఏముంటాయండీ, పాత సోది."

"చెబితే నేనూ వింటాగా."

"చెబితే బాగోవు" అని ఆమె కళ్లు మూసుకునేది.

*

ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది ఆ నెలలోనే. సముద్రానికి అడ్డుకట్ట వెయ్యడానికి రెండు పేటలూ అరవై రోజుల్లో ఖాళీ చెయ్యాలి. ఎక్కడికి పోవాలో కాగితంలో లేదు.

రెండు పేటలూ లేచి వెళ్లి లాకుల మీద కూర్చున్నాయి. ఊళ్లో ఎన్నడూ చూడని ఐకమత్యం అది. చర్చి గంట కొడితే సాయిబులపేట కదిలొచ్చేది. మసీదు మైకులో నమాజు పిలుపు తర్వాత దీక్షలో కూర్చునేవాళ్ల పేర్లు చదివేవాళ్లు, అందులో మత్తయిలూ మస్తానులూ కలిసే ఉండేవాళ్లు. గౌసియా అన్న మౌలాలి లాకుల తలుపులు చూసుకునే లస్కరు. తలుపులు ఎత్తే తాళాలు అధికారులకు ఇవ్వకుండా తెచ్చి సంఘపెద్ద జెకర్యా చేతిలో పెట్టాడు. "నా దగ్గరుంటే లాక్కుంటారు, మీ దగ్గరుంటే అడగడానికి కూడా జంకుతారు పెద్దాయనా" అన్నాడు. ఉద్యోగం ఊడింది. రంజాను నెల వచ్చింది. పొద్దుగూకే వేళకు శాంతిపేట ఆడవాళ్లు పళ్లు కోసి పళ్లేల్లో పెట్టుకుని వంతెన మీదికి వచ్చేవాళ్లు.

ముప్పై ఎనిమిదో రోజున ప్రభుత్వం దిగొచ్చింది. మెరక మీద కొత్త కాలనీ కడతామంది. ఊరంతా లాకుల మీద చిందులేసింది. వారం తర్వాత మొదటి జాబితా వచ్చింది. నూట పది పేర్లు, నూట పదీ సాయిబులపేటవే. ఇంటి నంబర్ల వరసన రాశామని అధికారులన్నారు. శాంతిపేటలో ఎవరూ నమ్మలేదు. మౌలాలి లోపాయికారీగా మాట్లాడుకుని వచ్చాడన్నారు. నాలుగు రోజులకు పోలీసులొచ్చి దీక్షలో కూర్చున్న ఆరుగురిని పట్టుకుపోయారు. ఆరుగురూ సాయిబులపేటవాళ్లే. పేర్లు చర్చి పెద్దలిచ్చారని అటువైపు అన్నారు. రెండు మాటలకూ రుజువు లేదు. రుజువు లేని మాటకు కాళ్లెక్కువ, రెండూ ఊరంతా తిరిగాయి.

నెల తిరక్కుండానే వంతెనకు ఇటు నలుగురు, అటు నలుగురు కర్రలతో కాపలా కూర్చున్నారు. ముప్పై ఎనిమిది రోజులు ఒకే చాప మీద కూర్చున్నవాళ్లే వాళ్లంతా. గౌసియా కొట్టుకు గిరాకీ పోయింది. చర్చి పాటల బృందానికి కుట్టాల్సిన తెల్ల గౌన్ల బట్టలు ఎవరో వచ్చి కుట్టకముందే వెనక్కి తీసుకుపోయారు. అయినా ఆమె పదింటికి వంతెన దాటి మణి దగ్గరికి వచ్చేది. డాక్టరు గారింటికి అని కాపలావాళ్లు వదిలేసేవాళ్లు.

ఒక మంగళవారం జెకర్యా తిమోతి ఇంటికి వచ్చాడు. వరండాలో కుర్చీ లాక్కుని, కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"రేపటినుంచి చీటీ ఉంటేనే ఇటు రానిస్తాం డాక్టరు గారూ. కుర్రాళ్లు ఊరుకోడం లేదు. మీ ఇంటికొచ్చే ఆమె సంగతి కనుక్కుందామని వచ్చా. కావాలని మీరు ఒక్క మాటనండి, ఇప్పుడే రాసిస్తా. అమ్మగారి సంగతి నాకు తెలుసుగా."

జేబులోంచి చీటీల పుస్తకం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

అప్పుడే లోపలినుంచి మణి నవ్వు వినిపించింది. నోటికి అడ్డం లేని నవ్వు. దాని వెంటే గౌసియా గొంతు, "ఆ రోజు నీ మొహం చూడాల్సిందే" అంటూ.

తిమోతికి గుండెల్లో ఏదో భగ్గుమంది. అది ఆ రోజు పుట్టింది కాదు. పేరు పెట్టడానికి సిగ్గుపడి నెలల తరబడి కప్పి ఉంచింది. ఇప్పుడు దానికి ఒక పెద్దమనిషి వచ్చి, కాగితం తీసి, దారి చూపిస్తున్నాడు.

"వద్దులెండి" అన్నాడు. "గొడవ సద్దుమణిగేదాకా రాకపోవడమే మంచిది. ఆమెకు ఏదన్నా జరిగితే మన మీదికే వస్తుంది."

"మరి అమ్మగారికి?"

"నేనున్నానుగా."

జెకర్యా పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు పదిన్నరకు మణి గుమ్మం వైపు చూసింది. "గౌసియా రాలేదేమండీ?"

తిమోతి దిండు సర్దుతూ అన్నాడు, "వాళ్లన్న రానివ్వడంలేదంట. మనవాళ్ల గడప తొక్కితే కాళ్లిరగ్గొడతానన్నాడంట."

ఆ మాట ముందుగా అనుకుని అన్నది కాదు. ఊళ్లో అలాంటి మాటలు చేతికందేంత దగ్గర్లో వేలాడుతున్నాయి, ఒకటి కోసి ఇచ్చాడు. మణి మళ్లీ గుమ్మం వైపు చూసింది. తర్వాత "మౌలాలి అట్టాంటి మనిషి కాదే" అంది.

"రోజులు మారాయి" అన్నాడు తిమోతి.

*

వకుళ ఒప్పుకోలేదు. "ముప్పై ఒకటితో ఇది పంచదు సార్. మీకూ అదే నొప్పి పుట్టిస్తుంది, ఆవిడకి తగ్గించదు. మనమే రాసుకున్నాంగా."

"శక్తి పెంచితే పంచుతుందేమో. ఎవరు చూశారు?"

గౌసియా రాని మూడో రోజున, యంత్రం శక్తి హద్దు మీరకుండా పెట్టిన అడ్డు అతనే తీసేసి, శక్తి రెట్టింపు చేసి, మీట నొక్కాడు.

తుంటిలో ఎవరో గునపం దించి తిప్పినట్టయింది. వెన్ను విల్లులా వంగింది. అతని నోటినుంచి వచ్చిన అరుపు వకుళకు చాలాకాలం గుర్తుండిపోయింది. మంచం దిగి నేల మీద పడ్డాడు. మణి తన నొప్పిలోంచే చెయ్యి చాచి అతని తల నిమురుతూ, "తియ్యమ్మా వకుళా, తీసెయ్యి. ఆయన ఓర్చుకోలేరు" అంది. ఆమె నొప్పి వీసమెత్తు తగ్గలేదు. పైగా అతన్ని ఓదార్చాల్సి వచ్చింది.

నేల మీద పడి ఉండి తిమోతి అనుకున్నాడు. ఈ నొప్పితోనే కదా గౌసియా రోజూ రెండు గంటలు పడుకుని, చుక్కల మాస్టారి కబుర్లు చెప్పి నవ్వించింది. ఆ ఆలోచన అతన్ని మెత్తబరచాలి, కానీ ఇంకా మండించింది.

ఈలోగా అతని అబద్ధం ఇంట్లోంచి బయటికి నడిచింది. మణిని చూడ్డానికొచ్చిన ఆడవాళ్లు ఆమె నోట విన్నారు. వాళ్లనుంచి బజారుకు చేరింది. చావుబతుకుల్లో ఉన్న మనిషి నొప్పి పంచుకోడానికి కూడా సాయిబులు తమ ఆడదాన్ని రానివ్వలేదు, చూశారా వాళ్ల గుండె. ఆదివారం చర్చిలో ప్రార్థన చేస్తూ జెకర్యా, "కఠినపడిన హృదయాలను క్షమించు ప్రభువా" అన్నాడు. ఎవరి హృదయాలో అందరికీ అర్థమైంది. చీటీ వద్దన్నది డాక్టరేనని జెకర్యాకు తెలుసు. అయినా ఆ అన్న కూడా బెదిరించే ఉంటాడులే అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. తిమోతి మూడో వరసలో తలవంచుకుని కూర్చున్నాడు. ఆమెన్ అన్నాడు.

మణి మందులు పెంచుకోలేదు. "గౌసియా వస్తే నేను మెలకువగా ఉండొద్దా?" అంది. దిండు అంచు నోట్లో కుక్కుకుని పడుకునేది. ఆ అంచు చిరిగి దూది బయటికొచ్చింది.

పదో రోజు శుక్రవారం. ఉదయం పదకొండింటికి బజారు మొగలోంచి పొగ లేచింది. తాళం వేసి ఉన్న గౌసియా కొట్టు. ఎవరు అంటించారో ఎవరూ చూడలేదన్నారు, చూసినవాళ్లు చాలామందే ఉన్నారు. తిమోతి వెళ్లేసరికి రేకుల కింద కుట్టు మిషను నల్లగా, చక్రం పక్కకు ఒరిగిపోయి ఉంది. పక్కనున్నవాడెవడో తిమోతిని చూసి భక్తిగా చెప్పాడు, "అమ్మగారికి చేసినదానికి ఇది తక్కువే సార్."

తిమోతి ఇంటికి ఎలా వచ్చాడో అతనికి గుర్తులేదు.

*

శనివారం ఉదయం లాకుల వంతెనకు నడిచాడు. అటు దాటి గౌసియా ఇల్లు వెతుక్కోవాలనుకున్నాడు. వెతకాల్సిన పని లేకపోయింది. వంతెనకు అవతలి కొసన, గొడుగు వేసుకుని, ఆమే నిలబడి ఉంది. పక్కన రెయిలింగుకు ఆనుకుని మౌలాలి.

ఇటు కాపలా కుర్రాడు లేచి నిలబడ్డాడు. "రోజూ ఇంతే సార్. పదింటికొచ్చి పన్నెండుదాకా నిలబడి పోద్ది. డాక్టరు గారే వద్దన్నారమ్మా అని మొదటిరోజే చెప్పాం. వినదే. ఊళ్లో మాత్రం మేమెవరికీ అనలేదు సార్."

తిమోతి వంతెన మధ్యలో ఆగిపోయాడు. ఆమెకు మొదటిరోజే తెలుసు.

ముందుకు వెళ్లి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. చెప్పాల్సింది మౌలాలి వైపు తిరిగి చెప్పాడు. చీటీ తాను వద్దన్నానని, మౌలాలి ఆపాడని మణికి తానే అబద్ధం చెప్పానని, ఊరంతా తిరిగింది ఆ అబద్ధమేనని.

మౌలాలి మొహం నల్లబడింది. రెయిలింగు వదిలి ముందుకు వచ్చాడు. "నేనా? నా చెల్లెల్ని నేను ఆపానా?" గౌసియా వైపు తిరిగాడు. "వాళ్ల పెద్దలు ఆపారని గదా నాకు చెప్పావు?"

"చెప్పాను."

"ఈయనని తెలిసీ?"

"తెలిసే" అంది గౌసియా. "ఈయనని చెబితే నువ్వూరుకుంటావా? మనోళ్లూరుకుంటారా? డాక్టరింటి మీదికి పోయేవాళ్లు. ఆ ఇంట్లో మణి ఉంది."

తిమోతి వెనక్కి తిరిగి బజారు మొగ వైపు చూశాడు. నిన్న ఇక్కడ నిలబడే ఆమె తన కొట్టు పొగ చూసి ఉంటుందని తిమోతికి అప్పుడు తట్టింది.

"ఎందుకు చేశావయ్యా?" అన్నాడు మౌలాలి. కోపం కన్నా అలసట ఎక్కువగా ఉంది ఆ గొంతులో. "మీవాళ్లు బెదిరించారా?"

ఔననడానికి ఎంత వీలుగా ఉందో తిమోతికి కనిపించింది. "లేదు" అన్నాడు. "ఎవరూ బెదిరించలేదు. ఓర్వలేక చేశాను. ఆమె దగ్గర మణి నవ్వుతుంటే చూడలేక చేశాను."

మౌలాలికి ఆ మాట అర్థం కాలేదు. ఇంత ఊరి గొడవకు ఇంత చిన్న కారణం ఉంటుందని నమ్మలేనట్టు చూశాడు.

గౌసియా గొడుగు మడిచింది. "పదండి, మణికి ఇంకో పూట నొప్పెందుకు. కానీ రేపు మీ చర్చిలో ఇదే చెప్పాలి డాక్టరు గారూ. ఆ మాట పెరిగింది అక్కడ."

బావగారూ అనలేదు. తిమోతి విన్నాడు.

ఇంట్లో మణి మంచం పక్కన నిలబడి, గౌసియా ఎదుటే, రెండోసారి అదే చెప్పాడు. మణి అతనికేసి చూసింది. కోపం ఉంటుందనుకున్నాడు. ఆ చూపులో లెక్క మాత్రమే ఉంది.

"పదకొండు రోజులు" అంది.

తర్వాత, "మీరు బయట కూర్చోండి" అంది. "వకుళ ఉందిగా, తను చూసుకుంటుంది."

గౌసియా తలుపు దగ్గరగా వేసింది.

*

ఆదివారం చర్చిలో తిమోతి లేచి నిలబడి చెప్పాడు. మాట మధ్యలో జెకర్యా అడ్డుపడ్డాడు. "కూర్చోండి డాక్టరు గారూ. అమ్మగారి బెంగతో మీకు ఒంట్లో బాగోలేదు."

"ఒంట్లో బాగానే ఉంది. చీటీ రాయనా అని మీరడిగారు. వద్దన్నాను. మీకు తెలుసు."

జెకర్యా బైబిలు వైపు చూశాడు. వెనక వరసల్లో గుసగుసలు లేచాయి. నిజం విన్నాక జనం తేలికపడతారని తిమోతి అనుకున్నాడు. అలా జరగలేదు. ఎవరో "సాయిబులు బెదిరించి చెప్పించారు" అన్నారు. ఎవరో లేచి వెళ్లిపోయారు. పది రోజులు పోగుచేసుకున్న కోపాన్ని ఊరికే ఎవరు వదులుకుంటారు?

రాహేలమ్మ అనే ముసలావిడ మాత్రం ఊతకర్ర సాయంతో లేచింది. "అయితే మనం ఆ పిల్ల కొట్టు ఉత్తపుణ్యానికి తగలబెట్టామా?" అని అడిగింది. ఆవిడ ఇంకో ముగ్గురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని, ఆరాధన ముగియకముందే, చీపుళ్లు పట్టుకుని బజారు మొగకు వెళ్లింది. బూడిద ఎత్తడానికి సాయంత్రం దాకా పట్టింది.

జరిగింది అంతే. కొన్నాళ్లకు ఆరుగురూ జైలునుంచి వచ్చారు, రెండో జాబితాలో శాంతిపేట పేర్లు వచ్చాయి, వంతెన మీద కర్రలు పోయాయి. కానీ మౌలాలి మళ్లీ జెకర్యా పక్కన కూర్చోలేదు. కొత్త కాలనీలో రెండు పేటలకూ మధ్య ఒక వీధి ఖాళీగా వదిలేశారు. ఎవరు అడిగారో తెలియదు, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

మణి ఇంకో పందొమ్మిది రోజులు బతికింది. రోజూ రెండు గంటలు ఆ తలుపు మూసి ఉండేది. తిమోతి వరండాలో కూర్చునేవాడు. లోపలి మాటలు వినపడేవి కావు, నవ్వు మాత్రం వినపడేది. అది విన్నప్పుడల్లా లోపల అదే మంట. లేచి వెళ్లిపోదామనిపించేది, వెళ్లేవాడు కాదు. మిగతా సమయమంతా మణి అతనితో మామూలుగానే మాట్లాడింది, నీళ్లడిగింది, మందుల వేళ అడిగింది. క్షమించానని అనలేదు, అతనూ అడగలేదు. పందొమ్మిదో రోజు ఉదయం వకుళ తలుపు తీసి బయటికి వచ్చి, "సార్, లోపలికి రండి" అంది. మణి ఒక చెయ్యి గౌసియా చేతిలో ఉంది. రెండోది ఖాళీగా ఉంది. తిమోతి దాన్ని పట్టుకున్నాడు. అది అతని చేతిలో ఉండగానే చల్లబడింది.

*

రెండు నెలల తర్వాత వకుళ ఒక కాగితం తెచ్చి అతని ముందు పెట్టింది. "గౌసియా గారికి తుంటి నొప్పి పోలేదు సార్. ఎక్స్‌రేలో ఏమీ లేదు. పట్టీ తీసేసి ఇన్నాళ్లయినా రోజూ పదింటికి మొదలవుతోందంట."

ఎనిమిదేళ్లలో ఇలా జరగలేదు. ఇంత పెద్ద అంకె ఉన్న జత ఇంతకాలం కలిసి ఉండటమూ జరగలేదు. తిమోతి మొత్తం గ్రాఫులన్నీ ముందేసుకుని పది రోజులు కూర్చున్నాడు. చివరికి దారి దొరికింది. మెడ దగ్గర మూడుసార్లు ఎదురు సంకేతం ఇస్తే ఆ జాడ చెరిగిపోతుంది.

కొత్త కాలనీలో గౌసియా ఇంటికి వెళ్లాడు. ఆమె గోడ పట్టుకుని, ఎడమ కాలు కాస్త ఈడుస్తూ వచ్చి కుర్చీ వేసింది. పాత మిషను బదులు ఎక్కడో సంపాదించిన చేతి మిషను కిటికీ దగ్గరుంది. అతను అంతా వివరించాడు. ఆమె శ్రద్ధగా వింది.

"వద్దు డాక్టరు గారూ" అంది.

"నొప్పి ఎందుకమ్మా భరించడం? అది నీది కూడా కాదు."

"నాది కాదు కాబట్టే. అది మణిది. ఉండనివ్వండి."

తిమోతి తల దించుకున్నాడు. తన ఇంట్లో మణివి చీరలున్నాయి, కళ్లద్దాలున్నాయి, బడి పిల్లల పేర్లు రాసుకున్న పుస్తకాలున్నాయి. ఆ ఒంట్లోంచి వచ్చింది ఒక్కటీ లేదు. ఉన్నదంతా ఈమె తుంటిలో ఉంది. సిగ్గు లేకుండా మళ్లీ అదే మంట లేచింది, చచ్చిపోయిన మనిషి నొప్పి కోసం కూడా.

"నాకు నిన్ను చూస్తే ఇప్పటికీ ఓర్వలేనితనంగానే ఉందమ్మా" అన్నాడు.

"తెలుసు" అంది గౌసియా. ఆమె గొంతులో కోపం లేదు, జాలీ లేదు.

కుర్చీలోంచి కాస్త ముందుకు వంగి అతనడిగాడు. "ఆ తలుపు వేసుకుని ఏం మాట్లాడుకునేవాళ్లు? ఒక్కటి చెప్పు. ఏదో ఒక్కటి."

ఆమె కిటికీ వైపు చూసింది. చెబుతుందేమోననిపించింది అతనికి. పెదవి కదిలింది కూడా.

"అవి చెప్పను డాక్టరు గారూ" అంది. "అవి మావి."

తిమోతి తలూపాడు. లేచి, నమస్కారం పెట్టి, వీధిలోకి వచ్చాడు. రెండు పేటల మధ్య వదిలేసిన ఖాళీ వీధి దాటుతుండగా జెకర్యా ఎదురొచ్చాడు. ఆయన తిమోతి వచ్చిన దిక్కు చూసి, మొహం చూసి, ఆగాడు.

"అటునుంచా? ఏమన్నా అన్నారా వాళ్లు?"

"ఎవరూ ఏమీ అనలేదండీ" అన్నాడు తిమోతి. "నాకే బాగోలేదు."